వెలిగొండకు చేపపిల్లల్ని మోసిన రోజు

మా ఊరు ముత్తుకూరు దగ్గర, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉంది. అక్కడ నేల పళ్ళెంలా ఉంటుంది. ఎత్తంటే మాకు ఉప్పు కుప్ప ఎత్తే. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నేను కొండను దగ్గర నుంచి చూడలేదు. తీరా చూసిన రోజున, చూడకూడని పనిలో ఉండి చూశాను.

మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే ఉద్యోగం రాదని మా నాన్న తిడుతుండేవాడు. చివరికి నాకు దొరికింది మీనాలు లెక్కపెట్టే ఉద్యోగమే. మేషాలు పశువుల ఆసుపత్రి వాళ్ళ వాటా. అరవైల మొదట్లో, గూడూరు పొలిమేరలో చేపపిల్లల్ని పెంచే మడుగులు కొన్ని, వాటి పక్కనే పెంకుల ఆఫీసు ఒకటి ఉండేవి. అందులో నేను ఫీల్డ్ అసిస్టెంటుని. ఫీల్డూ తెలియదు, అసిస్టెన్సూ చేతకాదు. కానీ ఇంగ్లీషులో రిపోర్టు రాయగలను కాబట్టి తీసుకున్నారు.

మెట్ట చెరువులు వేసవిలో అడుగంటిపోతాయి. ఆశ్వయుజం, కార్తీకం వానలకు మళ్ళీ నిండుతాయి గానీ, నీళ్ళయితే ఆకాశం నుంచి పడతాయి, చేపలు పడవు కదా. వాటిని మేమే తీసుకెళ్ళి వదలాలి. జీపు ఆఫీసరుగారిది. మాకు సైకిళ్ళు.

ఆ పని పదేళ్ళుగా చేస్తున్న మనిషి ఒకాయన ఉండేవాడు. అల్లూరు వైపు పల్లె, యాభై దాటిన వయసు. ఆదివారం చర్చి తప్పించడు, మిగతా ఆరు రోజులూ మడుగు తప్పించడు. ఆఫీసులో నన్ను 'సార్' అనేవాడు, ఆఫీసు గడప దాటగానే 'అబ్బయ్యా' అనేవాడు. నేను మాత్రం రెండు చోట్లా 'అన్నా' అనే పిలిచేవాణ్ణి.

పోయిన ఏడు రాపూరు అవతల, వెలిగొండ కింద ఉన్న ఒక పల్లె చెరువుకు ఆయన మోసుకెళ్ళిన పిల్లలన్నీ దారిలోనే చచ్చిపోయాయి. ఊరి ప్రెసిడెంటు ఫిర్యాదు రాశాడు. ఎందుకు చచ్చాయని అడిగితే ఎండకు సార్ అన్నాడట. కార్తీక మాసంలో ఎండేమిటయ్యా అని ఆఫీసరుగారు కసిరారు. ఈ ఏడు మళ్ళీ అదే చెరువు. ఈసారి కూడా తేడా వస్తే మడుగు పని మానిపించి, రోజు కూలికి వల లాగడానికి పంపేస్తానని మా అందరి ముందరే చెప్పారు. ఏం జరిగిందో కళ్ళారా చూసి రాయడానికి రెండో సైకిలు మీద నన్ను పంపారు. అంటే ఆయన పదేళ్ళ ఉద్యోగం నా రెండు కళ్ళ మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ రెండు కళ్ళ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ముందురోజు నుంచే పిల్లల్ని పస్తు పెట్టారు. కడుపులో ఏదైనా ఉంటే దారిలో నీళ్ళు మురిగిపోతాయట. పస్తు వాటికే. నేను తెల్లవారుజామున మూడు దోసెలు తిని వచ్చాను. సైకిలు క్యారియరు మీద అడ్డంగా వెదురు గెడ కట్టి, రెండు కొసలకూ కొబ్బరితాళ్ళ ఉట్టిలో ఒక్కో మట్టికుండ వేలాడదీశారు. ఆఫీసులో రేకు డబ్బాలు ఉన్నాయి గానీ పెద్దాయన వాటిని ముట్టుకోడు. రేకు ఉడకబెడుతుంది, మట్టి చల్లబరుస్తుంది అంటాడు. కుండకు ఐదారు వందల చొప్పున చింతాకంత బొచ్చె పిల్లలు, శీలావతి పిల్లలు. మూతికి తడి గుడ్డ కట్టారు.

బయలుదేరే ముందు ఆయన తలగుడ్డ తీసి నాలుగు కుండల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు.

"నా కుండలకు కూడా చేశావా అన్నా?" అన్నాను.

"నీ కుండలకే రొంత ఎక్కువసేపు చేసినా," అన్నాడు.

గూడూరు దాటగానే కొత్తగా తారు వేసిన రోడ్డు. అటూ ఇటూ వరిమళ్ళలో మంచు పాలమీగడలా పరుచుకుని ఉంది. మంచులోంచి కొంగల మెడలు మాత్రం కనబడుతున్నాయి, ఎవరో వాటిని అక్కడ నాటినట్టు. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని, పెళ్ళికూతురి పల్లకీ మోసేవాడిలా మెల్లగా తొక్కుతున్నాను. కుండల్లో చుక్క తొణకడం లేదు. నా పనితనానికి నేనే మురిసిపోతుంటే వెనకనుంచి కేక.

"అబ్బయ్యా! దిగు, దిగు! రోడ్డు దిగి గుంటల్లో తొక్కు!"

"కుదుపుకు వాటికి దెబ్బ తగలదా అన్నా?"

"దెబ్బ తగలదు, గాలి తగులుద్ది. నీళ్ళు ఎగిరెగిరి పడితేనే గాలి కలిసేది. నున్నంగా పోయినావంటే నున్నంగా చస్తాయి. సైకిలు ఆపబాక, ఆపితే చెయ్యి పెట్టి నీళ్ళు కలబెట్టు. దిక్కులు మాత్రం చూడబాక. నీ పని కుండ, అంతే."

ప్రభుత్వం అంత ఖర్చు పెట్టి తారు వేస్తే, మేమిద్దరం దాన్ని వదిలేసి పక్కనున్న గుంటలన్నీ ఏరుకుంటూ పోయాం. ఎదురొచ్చిన బండివాడు మమ్మల్ని చూసి ఎద్దుల్ని పక్కకు తోలాడు. తాగి తొక్కుతున్నారనుకుని ఉంటాడు.

సైదాపురం దగ్గర పడేసరికి ఎండ పొడిచింది. అప్పుడు జరిగిన వింతకు నాకు ఇప్పటికీ సరైన మాట దొరకదు. దారి వెలిగింది. దారిలో దుమ్ము, గుంటల అంచులు, ముళ్ళకంపల ఆకులు, నన్ను దాటి ముందు పోతున్న పెద్దాయన చక్రం, ఆయన మడమలు, అన్నీ ఒక్కసారిగా మెరిశాయి. గనుల నుంచి బండ్లలో పోయే మైకా దారి పొడుగునా రాలి నలిగి, నేలలో కలిసిపోయింది. కాకిబంగారమని చిన్నప్పుడు మేం అగ్గిపెట్టెలో దాచుకునే ముక్క అక్కడ మైళ్ళకొద్దీ పరిచి ఉంది. నా నీడ కూడా మెరుస్తున్న నేల మీద పడి, నాకు కాస్త పరువుగల నీడగా కనిపించింది.

"చూడన్నా, దారంతా..."

"కుండ," అన్నాడాయన తల తిప్పకుండా.

ఊళ్ళో టీకొట్టు ముందు ఆగాం. ఆగడమంటే ఒకరు టీ తాగుతుంటే ఇంకొకరు రెండు సైకిళ్ళనూ పట్టుకుని ఊపడం. కొట్టాయన సాహెబు గ్లాసు కడుగుతూ కాసేపు చూశాడు.

"ఏంది సార్, కుండల్ని ఉయ్యాలూపతా ఉండారు? లోపల పసిబిడ్డలా?"

"రెండువేల మంది భాయ్," అన్నాడు పెద్దాయన. "అందరూ ఒకేసారి ఏడిస్తే నీ కొట్టు మునిగిపోద్ది."

"అయితే టీ బిరీన తాగి పోండన్నా. అప్పుజేసి కట్టుకున్న కొట్టిది."

అక్కడినుంచి నేల తీరు మారింది. పళ్ళెం లాంటి నేల మెల్లగా అలలు తిరగడం మొదలుపెట్టింది. ఒక మిట్ట, ఒక పల్లం. ప్రతి పల్లంలోనూ ఒక చెరువో కుంటో. వానలకు అన్నీ నిండి, అలుగుల మీదుగా పొర్లుతున్నాయి. కొన్నిచోట్ల ఆ నీళ్ళు దారికి అడ్డంగా పారుతున్నాయి. సైకిలు వాటిలో దిగితే రెండు పక్కలా నీళ్ళు రెక్కల్లా లేచేవి. పడమటి దిక్కున అంతసేపూ ఒక నల్లటి మబ్బు అంచు కనబడుతూనే ఉంది. వాన వస్తుందేమోనని భయపడ్డాను. ఎంత తొక్కినా ఆ మబ్బు కదలలేదు. కదలని మబ్బేమిటన్న ఆలోచన నా బుర్రకు రాలేదు. సముద్రం పక్కన పుట్టినవాడి బుర్ర అంతవరకే.

మధ్యాహ్నానికి రాపూరు దాటాం. ఆ తర్వాత ఎర్రమట్టి దారి. మేం పోవాల్సిన పల్లెకు ఇంకో ఐదారు మైళ్ళుందనగా పెద్ద మిట్ట వచ్చింది. పెద్దాయన ముందే ఎక్కి అవతలికి దిగిపోయాడు. నేను దిగి, వగరుస్తూ నెట్టుకుంటూ ఎక్కాను. అప్పటిదాకా నేను సైకిలును తొక్కానో, సైకిలే నన్ను తొక్కిందో తెలియని పరిస్థితి.

మిట్ట తలమీదికి వచ్చాను. దారి నా కాళ్ళ ముందు నుంచి కిందికి జారిపోయింది. కింద చెరువు. చెరువులు చూడనివాణ్ణి కాను, మా నెల్లూరు వాళ్ళం చెరువుల్లోనే పుట్టి పెరుగుతాం. కానీ ఆ చెరువుకు అవతలి ఒడ్డు లేదు. ఒడ్డు ఉండాల్సిన చోట వెలిగొండ ఉంది. పొద్దున్నుంచీ నేను మబ్బు అనుకున్నది అదే. ఉత్తరాన కంటికి ఆనినంత మేరా, దక్షిణాన కంటికి ఆనినంత మేరా ఒకటే గోడ. ఎవరు కట్టారో, ఎవరిని ఇవతల ఉంచడానికి కట్టారో. వాన కడిగిన పచ్చ, పైకి పోయేకొద్దీ నీలం, ఇంకా పైన నీలమో ఆకాశమో తేల్చలేని రంగు. మూడు చోట్ల తెల్ల దారాలు వేలాడుతున్నాయి. అవి కదులుతున్నాయని కాసేపటికి గాని తెలియలేదు. నీళ్ళు! అంత ఎత్తునుంచి పడుతున్నాయి, ఇంత దూరానికి చప్పుడు లేదు. ఆ గోడంతా, దారాలతో సహా చెరువులో తలకిందులుగా ఉంది. ఎక్కడ కొండ అయిపోయి ఎక్కడ నీళ్ళు మొదలయ్యాయో గీత గీయడానికి వీల్లేదు. చెరువు నడుమ తెల్లటి లంక ఒకటి ఉంది.

ఆ లంక లేచింది.

పక్షులు. వందలో వేలో. లంక మొత్తం నీటి మీదనుంచి లేచి, గాల్లో ఒక్కసారి దుప్పటిలా మడతపడి, మళ్ళీ విప్పుకుని, కొండ ముందర తెల్లగా సాగిపోయింది. దాని నీడ నీళ్ళలోని కొండ మీద పాకింది. పెద్ద రెక్కల సద్దు ఆలస్యంగా నా దగ్గరికి వచ్చింది.

నా నోరు తెరుచుకునే ఉంది. సైకిలు తొడకు ఆనించుకుని, రెండు చేతులూ ఖాళీగా వేలాడేసి నిలబడ్డాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇరవై రెండేళ్ళూ ఈ కొండ ఇక్కడే ఉంది, నేను ఉప్పు కుప్పల మీద ఎక్కి ఆడుకున్నాను అనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చెవి దగ్గర ఏదో సన్నని చప్పుడు. ఇసుక మీద తుంపర పడుతున్నట్టు. ఆకాశం చూశాను, వాన లేదు. కుండ మీది గుడ్డ ఎత్తి చూశాను.

తడిగుడ్డ కింద నీళ్ళ నిండా నోళ్ళు. ఒక్కో నోరు ఆవగింజంత. వందల నోళ్ళు గాలి కోసం పైకొచ్చి తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఆ చప్పుడే నాకు వినబడింది. నాలాగే అవీ నోరు తెరుచుకున్నాయి, కాని కొండను చూడడానికి కాదు. అప్పటికే కొన్ని పక్కకు ఒరిగి తెల్ల పొట్టలు చూపిస్తున్నాయి.

"అన్నా!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

పెద్దాయన మిట్ట కిందినుంచి సైకిలు నెట్టుకుంటూ పరుగున వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టడానికి కూడా ఆగలేదు. చొక్కా చేతులు పైకి లాక్కుని రెండు అరచేతులతోనూ నా కుండల్లో నీళ్ళు కొట్టసాగాడు. చేత్తో నీళ్ళు ఎత్తి పైనుంచి పోస్తున్నాడు. ఐనా నోళ్ళు మునగలేదు.

"మంది ఎక్కువైనారు. పలచన చెయ్యాల," అన్నాడు. తన సైకిలు మీది కుండలకు కట్టిన గుడ్డ విప్పాడు. వాటిలో పిల్లలు చురుగ్గా అడుగునే తిరుగుతున్నాయి.

"వద్దన్నా. నీవి బాగున్నాయి. అవి కలిపితే నీవి కూడా..."

"నీవి నావి అని చేపలకేం తెలుసబ్బయ్యా? చెయ్యి పట్టు."

వలగుడ్డతో నా కుండల్లోంచి సగం తీసి తన కుండల్లో వేశాడు. చెరువుకు దిగి, తలగుడ్డ ముంచుకొచ్చి, ఆ నీళ్ళు పిడికెడు పిడికెడుగా నాలుగు కుండల్లోనూ పిండాడు. ఒక్కసారిగా పోస్తే చల్లదనం తేడాకు చస్తాయట. నేను నాలుగు కుండలనూ ఊపుతూ నిలబడ్డాను. అర్ధగంట పట్టింది. ఆ తుంపర చప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి ఆగింది. నాలుగు కుండల్లోనూ తెల్ల పొట్టలు తేలాయి. కుండకు వంద ఉంటాయి.

అప్పుడు గాని ఆయన నా ముఖం చూడలేదు.

"ఎట్టుండాది?" అన్నాడు.

"ఏది?"

"కొండ."

 తల దించుకున్నాను.

"పోయినేడు నేనూ ఈడనే ఆగినా," అన్నాడు కుండ ఊపుతూనే. "తొమ్మిదేండ్లు తలెత్తలా. పోయినేడు ఏమైందో, ఎత్తినా. ఆ నీళ్ళు జారేది చూస్తా నిలబడిపోయినా. అది పోయి ఆఫీసరుగారికి ఎట్టా చెప్పేది? కొండను చూసినా సార్, అందుకని చచ్చినాయి అంటే నవ్వరా? ఎండ అని చెప్పినా. అందుకే నిన్ను దిక్కులు చూడబాకని చెప్పినా. నీకన్నా చెప్పుంటే సరిపోయేది. సిగ్గయింది."

మిగతా ఐదు మైళ్ళు మేము దారిలో ఒక్క గుంటనూ వదల్లేదు. కొండ కుడిపక్కన మాతోపాటే నడిచింది. చూస్తే కుండ పోతుంది, చూడకపోతే కొండ పోతుంది. నేను కుండనే చూశాను గాని, కొండ మా మీద పరిచిన చల్లదనం మాత్రం వీపుకు తెలుస్తూనే ఉంది. మూడు గంటలకే అక్కడ పొద్దు గూకినట్టుంది.

పల్లెలో చెరువుకట్ట మీద ప్రెసిడెంటు, పది పదిహేను మంది ఆడవాళ్ళు, మొగవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"ఈసారన్నా ప్రాణంతో తెచ్చినారా, లేక పులుసుకు తెచ్చినారా?" అంది ఒక ముసలామె.

పెద్దాయన మొల లోతు నీళ్ళలోకి దిగి, కుండల్ని మెడదాకా ముంచి పట్టుకున్నాడు. కుండలోని చల్లదనం, చెరువు చల్లదనం ఒకటయ్యేదాకా అట్లా ఉంచాలి.  ఎదురుగా కొండ నల్లగా, మా అందరి మీదికి వంగి చూస్తున్నట్టుంది. తర్వాత ఆయన కుండను ఒక పక్కకు వంచాడు. పిల్లలు మూతి దగ్గర గుమిగూడాయి. బయటికి రాలేదు. అంత నీరు ఉంటుందని వాటికి ఎవరు చెప్పారు? ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత కుండలోంచి వెండి దారం ఒకటి జారి, కొండ నీడలోకి పోయి కనబడకుండా పోయింది. ఎగతాళి చేసిన ముసలామె రెండు చేతులూ జోడించింది. చేపలకో, కొండకో.

చచ్చినవాటిని ఎంచి చూస్తే ఐదింట ఒక వంతు. రిపోర్టు అక్కడే రాయాలి, ప్రెసిడెంటు సంతకం పెట్టాలి. కట్ట మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకున్నాను. నా రెండు కుండలవీ, ఆయన రెండు కుండలవీ అన్నీ కలిసిపోయాయి. మోసే బాధ్యత కాగితం ప్రకారం ఆయనది. నేను ఊరికే చూసేవాణ్ణి. చూశాను కూడా, అదే కదా వచ్చిన చిక్కు.

"ఏం రాస్తుండావు?" అన్నాడు తడి పంచె పిండుకుంటూ.

"జరిగిందే. నేను దారిలో ఆగాను, నా కుండల్లో చచ్చాయి, నువ్వు నీ కుండల్లో కలుపుకుని మిగతావి బతికించావు అని."

"అట్టా రాయబాక. పిల్లోడివి, కొత్త ఉజ్జోగం. ఎండ అని రాయి."

"కార్తీకంలో మళ్ళీ ఎండా అన్నా?"

ఆయన నవ్వాడు. ఆ రోజంతటిలో మొదటిసారి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. చెరువు నీళ్ళే అయి ఉంటాయని నేను అనుకున్నాను.

మర్నాడు ఆఫీసరుగారు రిపోర్టు రెండుసార్లు చదివారు.

"ఆగావు. ఎందుకు ఆగావు?"

"చూడ్డానికి సార్."

"ఏం చూడ్డానికి?"

ఇంగ్లీషులో మూడు పేజీలు రాయగలవాణ్ణి, తెలుగులో ఒక్క మాట రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"కొండ సార్. చాలా పెద్దది. చెరువులో గూడా ఉండాది. పోయినేడు నేనూ ఆగినా సార్. ఎండ కాదు. తప్పు చెప్పినా."

ఆఫీసరుగారు కళ్ళజోడు తీశారు. "రాపూరు దాటాకనా? నేను జీపులో ఎన్నిసార్లు పోయానయ్యా ఆ దారిన. నాకేం కనబడలేదే." కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత కాగితం మీద సంతకం పెట్టి, ఇద్దరికీ చెప్పవలసింది చెప్పారు. పెద్దాయన మడుగు పని పోలేదు. నిజం చెప్పినందుకో, చచ్చేవాటిని బతికించినందుకో, అది ఆఫీసరుగారు చెప్పలేదు. నన్ను మాత్రం ఇకపై సైకిలు ఎక్కించవద్దన్నారు. నాలాంటివాడు బయట తిరిగితే జిల్లాలో చేప మిగలదన్నారు. అది నిజమే కాబట్టి నేనూ వాదించలేదు. ఆ తర్వాత ఐదేళ్ళు గోడ వైపు తిరిగి ఉన్న బల్ల దగ్గర కూర్చుని, ఇతరులు మోసిన చేపల్ని లెక్కపెట్టాను.

ప్రతి కార్తీకంలోనూ పెద్దాయన ఆ చెరువుకు వెళ్ళేవాడు. తిరిగొచ్చిన మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

"అన్నీ బతికినాయి సార్," అనేవాడు ముందు, గదిలో అందరికీ వినబడేట్టు. తర్వాత బల్ల మీదికి వంగి గొంతు తగ్గించేవాడు.

"ఆగలేదబ్బయ్యా. తొక్కతానే చూసినా. ఈ ఏడు నాలుగు చోట్ల జారతా ఉండాయి నీళ్ళు."